మారటోరియం అంటే మాఫీ అనుకున్నాం

సంపాదకులకు నమస్కారం.

2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 5.15 నుంచి 4.40 శాతానికి తగ్గించి, మూడు నెలల ఈఎంఐలకు మారటోరియం, అంటే వాయిదాలను తర్వాత కట్టుకునే వెసులుబాటు, ఇచ్చింది. తర్వాత ఆగస్టు 31 వరకు పొడిగించింది. లాక్‌డౌన్‌లో అది ఎన్నో ఇళ్లను ఆదుకుంది, కాదనను. కానీ ఆ నెలల్లోనూ బాకీ మీద వడ్డీ పడుతుందన్న మాట ఉత్తర్వులోనే ఉండిపోయింది. మా చెవిన పడింది ‘కట్టక్కర్లేదు’ అన్నదొక్కటే. నేనూ ఇంటి అప్పు వాయిదాలు ఆరు ఆపాను. తర్వాత చూస్తే అప్పు తీరే గడువు ఆరు నెలలు కాదు, అంతకు మించే పెరిగింది! బ్రాంచిలో అడిగితే ‘సర్క్యులర్‌లో ఉంది కదండీ’ అన్నారు. అది ఇంగ్లిష్‌లో ఉంది మరి. వడ్డీ మీద వడ్డీ సంగతి చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2022 మేలో మొదలై 2023 ఫిబ్రవరికి రెపో 4 నుంచి 6.5 శాతానికి చేరి, నా అప్పు వడ్డీ కూడా పెరిగినప్పుడూ అంతే, నా గడువు చెప్పకుండానే సాగింది. ఈఎంఐ పెంచాలో, గడువు పెంచాలో అప్పు తీసుకున్నవారినే అడగాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఆ ప్రశ్న తెలుగులో, ఒక ఎస్సెమ్మెస్‌లో అడిగేలా బ్యాంకులకు చెప్పాలని కోరుతున్నాను.

– ఒక ఇంటి అప్పు ఖాతాదారు, రాజమహేంద్రవరం