కథ రాయడమూ, కథను కాపాడడమూ

సంపాదకులకు నమస్కారం.

రచయిత గొప్పదనాన్ని ఆయన వెలువరించిన పుస్తకాల సంఖ్యను బట్టి లెక్కగట్టే అలవాటు మన సాహిత్య సభల్లో ఇంకా పోలేదు. ఆ లెక్కకు కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, ఎక్కడా ఒదగరు. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేస్తూ 'యజ్ఞం' వంటి కథ రాసి, ఏళ్ల తరబడి చర్చకు కారణమైన ఆయన, రాశిలో చూస్తే రాసింది తక్కువే. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న తరువాత, ఆ సొమ్మును ఇతరుల కథలను భద్రపరచడానికి వినియోగించి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పారు. నా దృష్టిలో ఇదీ సృజనే. పైగా, సన్మానాల శాలువాలు అంతగా దక్కని సృజన.

రచయిత కన్నుమూశాక ఆయన గదిలోని వారపత్రికలు తూకానికి వెళ్లిపోవడం మనం తరచూ చూస్తున్నదే. పిన్నులు తుప్పుపట్టి, మడత దగ్గర పుట చిట్లి, అట్ట ఊడిన సంచిక చేతికి దొరికినా, అందులోని కథ ఏ సంవత్సరానిదో తేల్చడం కష్టం. (సీరియళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు, మధ్యలో ఒక్క సంచిక లేకపోయినా అంతే.)

కనుక మీ ఆదివారం అనుబంధంలో కథ అచ్చయ్యే ప్రతి పుటపైనా తేదీనీ, కలంపేరుతో పాటు రచయిత అంగీకరిస్తే అసలు పేరునూ ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయనగరం