మామ్మ సంచి తెచ్చిచ్చిన అన్నగారికి

పోయిన శనివారం పాలకొల్లు నుంచి నరసాపురం వస్తూ మా మామ్మ సంచి బస్సులో మర్చిపోయాను. మీరెవరో గానీ, దాన్ని డిపోలో అప్పగించి పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారట.

అందులో డబ్బులేం లేవు. ఆవిడ బైబిలు, లేసు అమ్మకాల చిట్టా. ఈ అల్లిక మన వైపు మిషనరీల కాలంలో వచ్చింది. మామ్మ మొదట అల్లేది, తర్వాత అమ్మకాల్లో దిగింది. ఆదివారం తప్ప రోజూ రాజమండ్రి కొట్ల చుట్టూ తిరిగేది. బేరం కుదరకపోతే "ప్రార్థన చేసుకుని రేపొస్తానయ్యా" అనేది. కొట్టువాళ్లు నవ్వి కొనేసేవారు! చిట్టాలో ప్రతి నెలా మొదటి పద్దు దశమభాగమే, అంటే రాబడిలో దేవుడికిచ్చే పదో వంతు.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చేనాటికి ఆవిడ లేదు. ఉంటే ముందు రేటు పెంచేది.

అన్నగారూ, వందనాలు. క్రిస్మస్‌కి మా ఇంటికి భోజనానికి రండి. డిపోలో అడిగితే ఇల్లు చూపిస్తారు.