చర్చి వంటగది తాళాలు మావాడి చేతిలో పెట్టిన ఆవిడకి

అందరికీ నమస్కారం. అయోవాలో డిమోయిన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందికి మా ఇంట్లో ఏం జరిగిందో ఈపాటికి తెలిసే ఉంటుంది. గుడిలో ఒకరిద్దరు నేరుగానే అడిగారు కూడా. ఏడో తరగతి చదువుతున్న మావాడు స్కూల్ బాత్రూంలో వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్, పీలుస్తూ దొరికాడు. సస్పెండ్ చేశారు. ఆ తర్వాత వాడూ నేనూ కలిసి ఒక క్లాసుకి వెళ్లాం. నిన్న రాత్రి అది పూర్తయింది. ఒళ్లు పులిసిపోయి ఉంది కానీ నిద్ర పట్టడం లేదు. రేపు రాద్దామనుకుంటే ఇంక రాయనని ఇప్పుడే కూర్చున్నాను.

మా మామగారి ఆపరేషన్ కోసం రాజమండ్రి వెళ్లి, అక్కణ్ణుంచే తెల్లవారుజామున లేచి ఫోన్లో మాట్లాడిన మా వారికి, మా అమ్మకి, చెల్లికి థాంక్స్. వాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఈ పోస్టు అసలు ఒక ఆవిడ గురించి. పేరు రాయొద్దంది. డెబ్బై దాటి ఉంటాయి. పూర్వం స్కూల్ బస్సు నడిపేదట. క్లాసు జరిగే చర్చి బేస్‌మెంట్‌లో వంట చేసి పెడుతుంది. జీతం లేదు.

క్లాసు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే ఆవిడ చేసింది అర్థం కాదు. స్ట్రెంగ్తెనింగ్ ఫ్యామిలీస్ ప్రోగ్రాం 10–14 అని దాని పేరు. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలున్న కుటుంబాలకి. మన ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లే తయారుచేశారు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నా నేను దాని పేరే వినలేదు. వారానికో సాయంత్రం, ఏడు వారాలు. మొదటి గంట తల్లిదండ్రులు ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. రెండో గంట అందరూ కలిసి. పిల్లలకి తమ కలలన్నీ ఒక నిధి పటంలా అంటించుకోవడంతో మొదలవుతుంది. తర్వాతెప్పుడో స్నేహితుడు 'ఒక్కసారి లాగు' అంటే ఎలా తప్పుకోవాలో నేర్పుతారు. ముందు ప్రశ్నలడగాలి, రాబోయే చిక్కేమిటో పేరు పెట్టి చెప్పాలి, బదులుగా ఇంకో పని చూపించాలి. వట్టి 'నో' చెప్పమనరు. పదమూడేళ్లవాడికి వట్టి 'నో' ఎంత కష్టమో వాళ్లకి తెలుసు.

మాకేమో ప్రేమా ఉండాలి, హద్దులూ ఉండాలి, రెండూ ఒకేసారి ఉండాలి అని. వినడానికి తేలిక. 'నువ్వెప్పుడూ ఇంతే' అనడం మాని, 'నువ్వు చెప్పకుండా ఆలస్యంగా వస్తే నాకు భయమేస్తుంది' అనాలి. ఫోన్ నెల్లాళ్లు లాక్కోవడం కాదు, చిన్న తప్పుకి చిన్న శిక్ష, అరవకుండా. వారానికోసారి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ చివరిది మా ఇంట్లో ఇప్పటికీ నవ్వులాటగానే ఉంది, అయినా సాగుతోంది.

మొదటి రోజు భోజనం దగ్గర నేను బీఫ్ పక్కకి నెడుతుంటే ఆవిడ చూసింది. ఏమీ అడగలేదు. తర్వాతి వారం మాకోసం వేరే గిన్నెలో బీన్స్, అన్నం. మంచు బాగా పడ్డ రోజు నేను కారు తియ్యలేనని ఫోన్ చేస్తే, తన పికప్ వేసుకుని వచ్చి మా ఇద్దర్నీ తీసుకెళ్లింది, మళ్లీ దింపింది. దారిలోనే చెప్పింది ఈ పని ఎందుకు చేస్తోందో.

1993లో ఈ కార్యక్రమం తొలి రూపం పనిచేస్తుందో లేదో చూడటానికి అయోవా పల్లెటూళ్లలో 33 స్కూళ్లు ఎంచుకున్నారట, ఆరో తరగతి పిల్లల కుటుంబాలు. మూడు వాటాలు చేశారు. ఒక వాటాకి ఈ క్లాసు, ఒక వాటాకి వేరే క్లాసు, మిగిలిన వాటాకి పోస్టులో చిన్న పుస్తకాలు. వాళ్లబ్బాయి స్కూలు ఆ మూడో వాటాలో పడింది. తర్వాత ఏళ్ల తరబడి పిల్లల్ని గమనిస్తే, క్లాసుకి వెళ్లిన కుటుంబాల పిల్లల్లో తాగుడు మొదలుపెట్టినవాళ్లు తక్కువని తేలింది. "మాకు పుస్తకాలొచ్చాయి, నేను తెరవలేదు," అంది. వాళ్లబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడో తను చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంక తాళాల సంగతి. ఆ రోజుల్లో మావాడి బ్యాగు వెతకని పూట లేదు. స్కూల్లో బాత్రూంకి వెళ్లాలన్నా వాడి వెంట ఒక మనిషి. వాడు తల ఎత్తి నడవడమే మానేశాడు. ఒక సాయంత్రం గిన్నెలు కడిగాక ఆవిడ వాణ్ణి పిలిచి, వంటగది తాళాలు, సరుకుల డబ్బులుండే రేకు డబ్బా చేతిలో పెట్టి, "నాకు మోకాళ్లు నొప్పి, పైన ఆఫీసులో డబ్బా పెట్టి, తలుపులన్నీ వేసి రా," అంది. నేను నోరు తెరిచేలోపే వాడు మెట్లెక్కేశాడు. పైన లైట్లు ఒక్కొక్కటీ ఆర్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. వచ్చి తాళాలు ఇచ్చాడు. ఆవిడ లెక్క చూడలేదు, "వచ్చే వారం కూడా నువ్వే," అని కోటు వేసుకుంది. నేను బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. సస్పెన్షన్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా అలా ఏడవలేదు.

అమ్మా, నీకు తెలుగు రాదు, ఇది నువ్వు చదవవు. అయినా నా భాషలో చెప్పకపోతే నాకు చెప్పినట్టుండదు. నీ రుణం తీర్చుకోలేను.

కోపం కూడా ఉంది, దాచను. స్కూలు వాళ్లిచ్చిన కాగితాల్లో శిక్షల గురించి పేజీలున్నాయి, ఈ క్లాసు గురించి ఒక్క లైను లేదు. ఇద్దరం పనిచేసే ఇంట్లో పిల్లవాణ్ణి సస్పెండ్ చేసి ఇంటికి పంపితే పగలంతా ఒంటరిగా ఏం చేస్తాడని వాళ్ల ఉద్దేశం? కౌన్సిలర్ దగ్గర నెలల వెయిటింగ్. 21 నిండనివాళ్లకి పొగాకు సరుకేదీ అమ్మకూడదని 2019 డిసెంబరు నుంచి దేశమంతా చట్టం, మామిడిపండు వాసన వేసే ఆ పెన్‌డ్రైవ్ లాంటిది మాత్రం ఏడో తరగతి దాకా వచ్చేస్తుంది. ఇంకో పక్క వీసాకి ఏమైనా ఇబ్బందా అని నేను రాత్రంతా గూగుల్ చేసుకోవడం. ఇక ఈ క్లాసుకి గ్రాంటు వస్తేనే ఉంటుందట, లేకపోతే లేదు. ఒక కుటుంబం మానేస్తే ఆ సీటు మాకు దొరికింది. దీన్ని అదృష్టం మీద వదిలేస్తారా?

మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఏదీ జరక్కముందే మీ కౌంటీలో ఉండే యూనివర్సిటీ వాళ్ల ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. అసలు ఇది ఏమీ జరగని కుటుంబాల కోసం పెట్టిందే.

అయ్యో, క్లాసు చెప్పిన ముగ్గుర్నీ మరిచిపోయాను! వాళ్లకి చాలా థాంక్స్. పక్కన కూర్చుని నాకు అర్థంకాని మాటలు మెల్లగా మళ్లీ చెప్పిన ఆ మాంసం ఫ్యాక్టరీ అబ్బాయికి, క్లాసు కరపత్రం ఫోటో తీసి పంపిన మా లైబ్రరీ అమ్మాయికి, ఆ సాయంత్రాలు మీటింగులు పెట్టకుండా చూసిన మా మేనేజర్‌కి కూడా. ఇక్కడి మాడ్రిడ్ ఊళ్లోని మన గుడిలో ఏమీ అడగకుండా పులిహోర కట్టిచ్చిన పంతులుగారికి నమస్కారాలు.

మా గుమ్మం దగ్గర పప్పు, బెండకాయ వేపుడు పెట్టి బెల్లు కొట్టకుండా వెళ్లిపోయినవాళ్లు ఎవరో దయచేసి కామెంట్లో చెప్పండి. ఆకుపచ్చ మూత స్టీలు క్యారియర్. కడిగి పెట్టాను, ఆదివారం గుడికి తెస్తాను.