నైట్ డ్యూటీ దిగినాక ధ్యానం క్లాసా?

సంపాదకుడు గారికి,

మా చెల్లెలు కర్నూలులో ఓ ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. రాత్రి ఎనిమిదికి ఎక్కితే పొద్దున ఎనిమిదికి దిగాలి. రిలీవర్ రాకపోతే అదే ఒంటితో ఇంకో డ్యూటీ. ఇంటికి తెచ్చేది నేనే. స్కూటర్ వెనకాల కూర్చొని నిద్రపోతుంది. రాజ్‌విహార్ సెంటర్ దాటేదాకా ఒంటిచేత్తో బండి నడుపుతూ ఆమె మణికట్టు పట్టుకునేవాణ్ణి. తప్పే. ఈమధ్య ఆటోలో తెస్తున్నాను.

ఇంటికొచ్చినా పడుకోదు. వార్డుకు ఫోన్ చేస్తుంది. "అక్కా, ఆరో బెడ్ పెద్దాయనకు ఇన్సులిన్ ఇచ్చినానా? చార్టులో నా సంతకం ఉందేమో చూడు." ఇచ్చే ఉంటుంది, సంతకమూ ఉంటుంది. అయినా అవతల చూసి చెప్పేదాకా చెప్పులు కూడా విడవదు. ఏడేళ్ల సర్వీసు ఉన్న మనిషి!

పోయిన నెల ఆస్పత్రివాళ్లు 'ఒత్తిడిని జయించడం ఎలా' అని పొద్దున తొమ్మిదింటికి క్లాసు పెట్టారు. నైట్ చేసినవాళ్లూ తప్పక కూర్చోవాలట. కళ్లు మూసుకొని ధ్యానం చేయమంటే మా చెల్లెలు కూర్చున్నచోటే నిద్రపోయింది. ఎంత ఏకాగ్రతో అని ఆ ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇంట్లో అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

ధ్యానం మీద నాకేం కోపం లేదు. మనసు బాగలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడేందుకు కేంద్రం 2022లో పెట్టిన టెలి మానస్ నంబరు 14416 కూడా మంచిదే, రాత్రీ పగలూ పనిచేస్తుంది. కానీ పనిచోట ఒత్తిడిని సరిచేయకుండా వదిలేస్తే వచ్చేదే బర్న్‌అవుట్ (పనితో పూర్తిగా అలసి, విసిగిపోవడం) అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అలాంటప్పుడు సరిచేయాల్సింది డ్యూటీ చార్టును కదా?

సుప్రీంకోర్టు చెప్పాక ప్రైవేటు నర్సుల కోసం 2016లో కేంద్రం కమిటీ వేసింది. 50 పడకల్లోపు ఆస్పత్రిలోనైనా జీతం 20,000 తగ్గకూడదని, పనిగంటలు, సెలవులు సర్కారు నర్సులతో సమానంగా ఉండాలని ఆ కమిటీ చెప్పింది. మా చెల్లెలి జీతం ఎంతో రాస్తే ఆస్పత్రి ఏదో తెలిసిపోతుంది కాబట్టి రాయను. 20,000 అయితే లేదు. జూనియర్ డాక్టర్లకు ఏకధాటిగా 12 గంటలకు మించి డ్యూటీ వేయొద్దని 1992లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దాని సంగతి వాళ్లనే అడగండి.

మనమూ తక్కువేం కాదు. నంద్యాల, ఆదోని, గద్వాల, రాయచూరు నుంచి కూడా ఇక్కడికే వస్తారు, ఒక్కో పేషెంటు వెంట నలుగురు. సెలైన్ మార్చడం కాస్త లేటయితే సిస్టర్ మీద కేకలు. మా నాయనకు బాగలేనప్పుడు నేనూ అరిచినవాణ్ణే.

జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి ఒక మనవి. తనిఖీకి వెళ్లినప్పుడు ఫైర్ ఎన్‌ఓసీతో (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రంతో) పాటు నర్సుల డ్యూటీ రిజిస్టరు కూడా తెరిపించండి. ఎవరు వరసగా ఎన్ని గంటలు చేశారో లెక్కపెట్టండి. దానికి టైం పడుతుందంటే, నైట్ దిగినవాళ్లను పొద్దున మీటింగులకు, క్లాసులకు పిలవకూడదని ముందు ఒక సర్క్యులర్ ఇవ్వండి.

- ఓ స్టాఫ్ నర్సు అన్న, కర్నూలు