నగల దుకాణాల సేవ నగ చేసేవాడి దాకా రావాలి

సంపాదకులకు,

పెళ్లిళ్ల సీజన్‌లో, అక్షయ తృతీయ ముందు నగల దుకాణాల ప్రకటనలతో పాటు వాళ్ల సేవా కార్యక్రమాల ఫొటోలూ పత్రికల్లో వస్తుంటాయి. సామూహిక వివాహాలకు పుస్తెలు, బడికి బెంచీలు, ఎండాకాలం చలివేంద్రాలు. ఇవి వద్దని ఎవరూ అనరు. అయితే ప్రొద్దుటూరు బంగారం వీధుల్లో, హైదరాబాద్ ఘాన్సీబజార్ మేడల మీద, సికింద్రాబాద్ పాట్ మార్కెట్ సందుల్లో కూర్చుని ఆ నగలు చేసే పనివాళ్ల ఊపిరితిత్తులు, కిడ్నీలు ఈ జాబితాలోకి రావడం అరుదు. చట్టం అడ్డమొస్తోందని కొందరు చెబుతున్నారు. అది సగం నిజమే.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర ఆస్తి రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా ఆ కంపెనీ గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. సగటు లాభం రూ.10 కోట్లయితే రూ.20 లక్షలు. తన ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చును ఇందులో చూపకూడదు. పీఎఫ్, ఈఎస్‌ఐ వంటివి ఎలాగూ కట్టాల్సినవే, వాటిని సేవ అనుకోకూడదు. సరుకు అమ్ముకోవడానికి పనికొచ్చే స్పాన్సర్‌షిప్‌లూ చెల్లవు. 'మంచినీళ్లు' అన్న మాట కంటే షాపు పేరే పెద్దగా రాసిన చలివేంద్రాలను ఆడిటర్లు ఏ పద్దు కింద చూపిస్తున్నారో వాళ్లకే తెలియాలి.

నగలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగులు కారు. బంగారం తూకమేసి ఇస్తే నగ చేసిచ్చి మజూరీ తీసుకునే జాబ్ వర్క్ వాళ్లు. ఆరోగ్యం, వృత్తి నైపుణ్యం, సంప్రదాయ కళలు, హస్తకళల అభివృద్ధి ఈ మూడూ చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో ఉన్నాయి. కాబట్టి దారి ఉంది. కాకపోతే తన ఒక్క షాపుకు పనిచేసే పదిమందికే పొగ లాగే ఫ్యాన్లు బిగిస్తే, అది సొంత వ్యాపార ఖర్చే కదా అన్న ప్రశ్న వస్తుంది. పనిచేసేది ఎవరి కోసమైనా సరే, వీధి మొత్తానికి చేస్తే ఆ పేచీ ఉండదు. కంపెనీ తానే చేయకుండా వేరే సంస్థ ద్వారా చేయిస్తే, 2021 నుంచి ఆ సంస్థకు కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. వీధిలోని స్వర్ణకారుల సంఘానికి ఆ నంబరు లేకపోతే, ఉన్న సంస్థతో కలిసి నడవాలి.

ఇక జబ్బుల సంగతి. అన్నిటికంటే ప్రమాదం నగ ముక్కలను మంటతో అతికించడానికి వాడే కేడీఎం అతుకు. అందులో బంగారానికి కాడ్మియం కలుస్తుంది. కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, 767 డిగ్రీలకు మరిగిపోతుంది. బంగారం కరగాలంటే 1,064 డిగ్రీలు కావాలి. అతుకు సులువుగా పారడం, అదే మంటకు కాడ్మియం పొగై ముక్కులోకి పోవడం, రెండింటికీ కారణం ఇదే. ఎక్కువ మోతాదులో పీల్చినా అప్పటికప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత జ్వరం, దగ్గు, ఛాతీ పట్టేయడం మొదలవుతాయి. పనివాడు ఫ్లూ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉన్నది సరిగ్గా ఆ సమయంలోనే. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పీల్చినది కిడ్నీల్లో పేరుకుని, పదేళ్లకు పైగా అక్కడే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం కాడ్మియాన్ని క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

హాల్‌మార్క్ తప్పనిసరి అయ్యాక కేడీఎం పోయిందంటారు. కొత్త నగల వరకు చాలా తగ్గింది. పాత నగలు రిపేరుకు వస్తున్నంత కాలం పూర్తిగా పోదు. కాడ్మియం లేని అతుకే వాడినా, పాత కేడీఎం కీలు మీద మంట పెడితే అందులో ఉన్నది మళ్లీ పొగై లేస్తుంది. పైగా జింకు, ఇండియం కలిపిన అతుకు కొంచెం ఎక్కువ వేడికి గాని పారదు. పలచని గొలుసు కడియో, జుంకీ బుట్టో ఆ వేడికి కుంగిపోతే నష్టం పనివాడి మీదే పడుతుంది. అతను పాత అతుకును వదలకపోవడం మొండితనం కాదు, లెక్క. అందుకే కొత్త అతుకు వాడకంలో శిక్షణ ఇచ్చేటప్పుడు, నేర్చుకునే రోజుల్లో పాడైన సరుకు తరుగును ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి. అది రాసుకోని శిక్షణ సర్టిఫికెట్లు పంచడంతోనే ముగుస్తుంది.

ఆరోగ్య శిబిరాల్లోనూ ఇలాంటి లోపమే ఉంది. బీపీ, షుగర్ చూసి, కళ్లజోడు ఇచ్చి పంపిస్తారు. కళ్లజోడు అవసరమే, సన్నపని చేసేవాడికి చత్వారం రాగానే సంపాదన తగ్గుతుంది. కానీ కాడ్మియం దెబ్బ వీటిలో తేలదు. మూత్రంలో పట్టీ ముంచి చేసే పరీక్ష ప్రధానంగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కాడ్మియం వల్ల మొదట కారేది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వంటి చిన్న ప్రొటీన్లు. పట్టీ నార్మల్ అని చూపిస్తూనే ఉంటుంది, కిడ్నీ పాడవుతూనే ఉంటుంది. మూత్రంలో కాడ్మియం, ఆ చిన్న ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్, ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ, ఈ నాలుగూ లేని శిబిరం బంగారు పనివాళ్ల శిబిరం అనిపించుకోదు. బెంగాల్ నుంచి వచ్చిన పనివాళ్ల విషయం ఇంకా కష్టం. ఇక్కడ రేషన్ కార్డు ఉండదు కాబట్టి ఆరోగ్యశ్రీ గానీ ఎన్టీఆర్ వైద్య సేవ గానీ వర్తించదు. జబ్బు తేలినా ఆస్పత్రి ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ప్రాజెక్టు కాగితాల్లోనే సమాధానం ఉండాలి.

పొగ లాగే గొట్టం విషయంలో ఒకటే సూత్రం. అది తల పైన కాదు, మంటకు ఎదురుగానో పక్కగానో బల్ల ఎత్తులోనే ఉండాలి. పైన పెడితే పొగ పనివాడి ముఖం మీదుగానే పైకి వెళ్తుంది. ఫ్యాను బిగించాక అగరువత్తి వెలిగించి, పనిలో మంట పెట్టే చోట ఉంచితే చాలు, పొగ నేరుగా గొట్టంలోకి వంగాలి. వంగకపోతే గొట్టాన్ని దగ్గరికి జరపాలి. గొట్టం రెండో చివర పక్క గది కిటికీ దగ్గర తేలకుండా చూసుకోవాలి. సందుల్లో గదులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి ఇది తరచూ జరిగే పొరపాటు. రుమాలు పొగను ఆపదు. ఎన్95 మాస్కు లోహపు పొగను చాలావరకు ఆపుతుంది గానీ నైట్రిక్ యాసిడ్ నుంచి లేచే గోధుమరంగు వాయువును ఆపలేదు. దానికి ఆ వాయువును పట్టే కార్ట్రిడ్జ్ (వడపోత డబ్బీ) ఉన్న మాస్కు కావాలి.

నగను కడిగి మెరుగు పెట్టే చోట మరో ప్రమాదం ఉంది. యాసిడ్ నీళ్లు, సైనైడ్ నీళ్లు ఒకే తొట్టిలో పోయకూడదు. రెండూ కలిస్తే లేచే వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. వేర్వేరు రంగుల డ్రమ్ములు, సైనైడ్‌కు తాళం, ఎంత తెచ్చారు ఎంత వాడారు అన్న రిజిస్టరు ఉండాలి. ఈ తాళం వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. అప్పుల్లో ఉన్న మనిషికి ఆ డబ్బా చేతికందేంత దూరంలో ఉండకూడదు.

చాలా దుకాణాలు కంపెనీలు కావు, భాగస్వామ్య సంస్థలు. వాటికి 2 శాతం నిబంధన లేదు. కొనేవారికి బిల్లులో తరుగు శాతం కనిపిస్తుంది, అందులో చేసినవాడికి ఎంత ముట్టిందో కనిపించదు. గ్రాముకు 5 రూపాయల చొప్పున పక్కన పెడితే, ఏడాదికి 30 కిలోలు అమ్మే దుకాణానికి రూ.లక్షన్నర తేలుతుంది. ఒక వీధిలో నాలుగైదు దుకాణాలు కలిస్తే పైన చెప్పిన పరీక్షలు మొదలుపెట్టవచ్చు.

కంపెనీలతో అసలు చిక్కు తేదీలది. ఏడాదంతా ఊరుకుని మార్చిలో డబ్బు వదిలించుకోవాలనుకుంటే అప్పటికప్పుడు దొరికేది ఫొటో శిబిరమే. ఖర్చు కాని సొమ్ము కొనసాగే ప్రాజెక్టుదైతే ఏప్రిల్ 30 లోపు ప్రత్యేక ఖాతాలో వేసి, తర్వాతి మూడేళ్లలో ఖర్చు పెట్టుకోవచ్చు. కొనసాగే ప్రాజెక్టుది కాకపోతే సెప్టెంబరు 30 లోపు చట్టంలో చెప్పిన నిధికి పంపేయాలి. కాబట్టి మొదట్లోనే దాన్ని కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ఆమోదించాలి. పెళ్లిళ్ల రోజుల్లో పనివాడు బల్ల వదిలి రాడు. వీధిలో పని పలచబడేది ఆషాఢంలో. ఏప్రిల్‌లో ఆమోదం, మేలో గదుల కొలతలు పూర్తయితే, ఫ్యాన్లు బిగించడానికీ రక్త, మూత్ర పరీక్షలకూ ఆషాఢ మాసం సరిపోతుంది.

– బంగారు పని, వృత్తి ఆరోగ్య రంగాల్లో ఉన్న కొందరం, విజయవాడ