ఆటోలో మరిచిపోని పతకం

తార్నాక,
ఆదివారం సాయంత్రం

అమ్ములూ,

ఫోనులో చెబుదామంటే ఆదివారం హాస్టల్లో నీకిచ్చే పది నిమిషాల్లో నాన్నమ్మకు నాలుగు, తమ్ముడికి మూడు పోతాయి. మిగిలిన కాస్తా "తింటున్నావా, నిద్రపోతున్నావా" అని అడగడానికే చాలదు. పైగా నీ వెనక వరుసలో ఇంకెంతమంది పిల్లలు నిలబడి ఉంటారో. అందుకే ఈ కాగితం.

పోయిన వారం ఫిజిక్సు పరీక్షలో మార్కులు తగ్గాయని నాన్నకు చెప్పావట. అమ్మకు చెప్పవద్దన్నావట. రెండు రోజులు దాచుకుని మూడో రోజు భోజనాల దగ్గర చెప్పేశారు. ఆయన మీద అలగకు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలియనిది కాదు. మార్కుల సంగతి అలా ఉంచు. నా దగ్గర దాచాలని ఎందుకు అనిపించిందా అని రెండు పూటలు నీ మీద కోపంగానే ఉన్నాను. మూడో పూటకు సిగ్గేసింది. ఆ విద్య ఈ ఇంట్లో ముందు నేర్చుకున్నది నేను.

పోయిన ఆగస్టులో నేను ఆ హైదరాబాద్ హాఫ్ మారథాన్, ఆ 21 కిలోమీటర్ల పరుగు, పూర్తి చేయలేదు. పతకం ఆటోలో మరిచిపోలేదు. నాకు పతకమే రాలేదు.

నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుందని నీకు తెలుసు కదా. నువ్వు కట్టిన మూడు రంగుల రబ్బరు బ్యాండు జుట్టుకు పెట్టుకునే వెళ్లాను. ఉస్మానియా క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నేను సాధన చేసింది కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల వేగంతో. ఆ రోజు చీకట్లో పాటలు, ఈలలు, ముందూ వెనకా వేల మంది. వాళ్లతో పాటు కొట్టుకుపోయి మొదటి నాలుగు కిలోమీటర్లు ఆరుంబావు నిమిషాల చొప్పున పరుగెత్తాను. మధ్యలో నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఊపిరి బరువెక్కింది. జూబ్లీహిల్స్ ఎక్కుడు వచ్చేసరికి కాలు మొండికేసింది. ఈ ఊరిని రాళ్లగుట్టల మీద కట్టారన్న సంగతి బస్సులో తిరిగేవాళ్లకు తెలియదు, పరుగెత్తేవాళ్ల పిక్కలకు తెలుస్తుంది. ఆగస్టు గాలిలో చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! కేబుల్ బ్రిడ్జి చూడకుండానే రోడ్డు పక్కన కూర్చుండిపోయాను.

నిజానికి ఆ పరుగు ఆగస్టులో కాదు, జూన్‌లోనే చెడింది. ఇంట్లో వరసగా అందరికీ జ్వరాలు వచ్చాయి, గుర్తుందా? మూడు వారాలు నా పరుగు ఆగింది. తర్వాత పోయిన రోజులన్నీ ఒక్కసారిగా రాబట్టుకోవాలని తొమ్మిది కిలోమీటర్ల నుంచి ఒకే దూకులో పదిహేనుకు వెళ్లాను. గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికి వస్తాయి. ఎముకకు, కండను ఎముకకు కట్టే స్నాయువులకు నెలలు కావాలి. ఊపిరి ఆడుతోంది కదా అని నేను పరుగెత్తుతూనే ఉన్నాను, కింద మోకాలికీ మడమకూ మధ్య ముందు ఎముక సలుపుతూనే ఉంది. నాన్నమ్మ మోకాళ్ల నూనె దొంగతనంగా రాసుకుని, "బాత్రూములో కాలు జారింది" అని మీకు చెప్పాను. చూశావా, అదీ అబద్ధమే. ఒకటి చెబితే దానికి తోడు రెండోది కావాలి. పరుగు అయ్యాక డాక్టరు ఆ ఎముక మీద వేలితో నొక్కితే కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఆరు వారాలు పరుగు మానమన్నారు. ఆ ఆరు వారాలూ "ఆఫీసులో పని ఎక్కువగా ఉంది" అని నీకు చెప్పాను. అది మూడోది.

ఈ ఏడు మళ్లీ అదే పరుగుకు సిద్ధమవుతున్నాను, పద్ధతి మార్చాను. వారానికి నాలుగు రోజులే. వాటిలో మూడు మెల్లగా, ఎంత మెల్లగా అంటే క్యాంపస్‌లో నడకకు వచ్చే పెద్దాయన ఒకరు నన్ను దాటి వెళ్లిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూస్తారు. పరుగెత్తుతూ మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు లెక్క. నాతో మాట్లాడేవారు ఎవరూ లేరు కాబట్టి నీకు గిట్టని పదిహేడో ఎక్కం పైకి వల్లిస్తాను. నూట పంతొమ్మిది దగ్గర ఊపిరి తెగిందంటే తగ్గాలి. నూట డెబ్బై దాకా సాఫీగా వెళ్తే ఇంకోసారి మొదటి నుంచి. ఆ వీధి కుక్కలకు కూడా ఈపాటికి ఎక్కం వచ్చేసి ఉంటుంది. ఆదివారం పరుగును వారం వారం కిలోమీటరు, మహా అయితే ఒకటిన్నర పెంచాను. నాలుగో వారం తగ్గించాను. నెలసరి మొదటి రోజున పోయినేడు పంతం పట్టి వెళ్లేదాన్ని. ఈ ఏడు పడుకున్నాను. రాత్రి పిండి రుబ్బాక మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, కాలికి పదిహేనుసార్లు. తమ్ముడు లెక్కపెడతాడు, మధ్యలో కావాలనే తప్పు లెక్కపెడతాడు.

పద్దెనిమిది కిలోమీటర్లు పోయిన ఆదివారం పూర్తయ్యాయి. నాలుగుంబావుకు లేచి, ఒక అరటిపండు తిని, సగం గ్లాసు రాగి జావ తాగి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కాలి బొటనవేలి గోరు నల్లబడింది. నాన్నమ్మ చూసి, "ఎవరు తరిమారని ఇంత పరుగు?" అన్నారు. ఆవిడ ప్రశ్నలో తప్పు లేదు. నేను పుట్టిన 1981 నాటికి ఒలింపిక్స్‌లోనే ఆడవాళ్లకు 1500 మీటర్లకు మించిన పరుగు లేదు. మారథాన్ 1984లో వచ్చింది. పెద్ద పెద్ద దేశాల పెద్దమనుషులకే అంతకాలం పట్టింది, మన నాన్నమ్మకు కాస్త ఎక్కువ పడుతుంది. ఈ మధ్య మాత్రం శనివారం రాత్రి అడగకుండానే అరటిపండు తీసి నా చెప్పుల స్టాండు మీద పెడుతున్నారు.

ఇప్పటి నుంచి వారం రోజులు తక్కువ పరుగు, ఎక్కువ నిద్ర. నాకు అదే కష్టంగా ఉంది. ఖాళీ దొరికితే అనుమానాలు పుడతాయి. 21 కిలోమీటర్ల తర్వాత ఇంకో 97.5 మీటర్లు ఉంటుంది, దాని మీదే నా కోపమంతా. 1908లో లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగించారు. ఆ కొలతే తర్వాత 1921లో 42.195 కిలోమీటర్లుగా ఖాయమైంది. అందులో సగం మా వాటా. వాళ్ల కుర్చీ కోసం తార్నాక ఆడమనిషి ఈనాటికీ అదనంగా కాళ్లీడ్చాలి.

నువ్వొకసారి, పదో తరగతిలో, "నా పరీక్షల కన్నా నీ ఆదివారమే నీకు ముఖ్యం" అన్నావు. ఆ రోజు గట్టిగా అరిచాను. కొన్ని ఆదివారాలు నువ్వన్నది నిజమే. నువ్వు లేచేసరికి నేను ఇంట్లో ఉండాల్సింది, క్యాంపస్‌లో ఉన్నాను. దానికి మాత్రం క్షమించమని అడుగుతున్నాను. పరుగుకు కాదు, అది నాకు కావాలి. రోజులో ఆ గంట నన్ను ఎవరూ ఏదీ అడగరు.

ఈసారి మాత్రం ఏది జరిగితే అది చెబుతాను. కాలు నొప్పి పెడితే మధ్యలోనే ఆగుతాను, ఆగానని ఫోనులో మొదటి మాటగా చెబుతాను. నీ ఫిజిక్సు పేపరు కూడా నాకు చూపించు. ఆ పాఠం నాకు రాదు, అయినా చూస్తాను. జంతికల డబ్బాలో పైన కాగితం కింద తమ్ముడి బొమ్మ ఉంది, చూసుకో.

ఇంకొక్క మాట. ఆ ఆటో ఆయనను నువ్వు చాలా తిట్టావు. పతకం దొరికితే తిరిగి ఇవ్వాలన్న జ్ఞానం లేదా అన్నావు, పోలీసులకు చెబుదామన్నావు. నేను వింటూ కూర్చున్నాను. ఆ రోజు జూబ్లీహిల్స్‌లో ఆటో ఎక్కగానే ఆయన నా చొక్కాకు ఉన్న నంబరు చూసి, "పరుగు అయిపోయిందా అమ్మా?" అని అడిగారు. అయిపోయిందన్నాను. దిగేటప్పుడు డబ్బులిస్తే అందులోంచి ఇరవై రూపాయలు వెనక్కి ఇచ్చి, "అంత దూరం పరుగెత్తారు, మజ్జిగ తాగండి" అన్నారు.

ఆ ఇరవై నా పర్సు లోపలి అరలో ఉంది. ఇంకా ఖర్చు పెట్టలేదు.

మీ అమ్మ