వానాకాలం రాకముందే పెద్దలకు ఫ్లూ టీకా వేయించండి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఊళ్లో అరవై దాటినవాళ్ల దగ్గర ఫ్లూ టీకా మాటెత్తితే ముందుగా వచ్చే జవాబు, "జలుబుకు కూడా సూదా?" తర్వాత, "కరోనా సూదులు వేయించుకున్నం గదా!" సూది వేయించుకుంటేనే జ్వరం పట్టుకుంటుందన్న భయం కూడా ఉంది. కరోనా టీకా ఫ్లూను ఆపదనీ, ఈ టీకాలో ఉండేది చచ్చిన వైరస్ కాబట్టి దానివల్ల ఫ్లూ రాదనీ, మహా అయితే ఒకట్రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు వెచ్చబడటం ఉంటాయనీ పక్కన కూర్చుని చెబితే చాలామంది వింటారు.

నన్ను బాధపెట్టిన మాట వేరే ఉంది. మా పక్కింటి పెద్దమ్మకు షుగరు, ఆయాసం. టీకా గురించి చెప్పి, ప్రైవేటు దవాఖానలో వెయ్యికి పైనే అవుతుందన్నాను. మాత్రల కవరు మడిచి కొంగులో కట్టుకుంటూ, "ఈ వయసుల నాకెందుకు బిడ్డా, ఆ పైసలు పిల్లల ఫీజుకైతయ్" అంది. ఆమెకు వచ్చే ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు. అందులో సగం ఒక సూదికి పెట్టమని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? దీన్ని మొండితనమనో, చదువు లేకపోవడమనో అధికారులు కొట్టిపారేయకూడదు. తన మీద ఖర్చే దండగ అనుకునే మనిషిని గోడమీది పోస్టరు కదిలించలేదు.

2021 మార్చిలో అరవై దాటినవాళ్లకు కరోనా టీకా మొదలైంది. ఊరి దగ్గరే, ఉచితంగా వేస్తున్నారని ఆశా వర్కర్ ఇంటికొచ్చి పిలిస్తే ఈ పెద్దలే వెళ్లి వేయించుకున్నారు. ఫ్లూకు అలా పిలిచేవాళ్లు లేరు. మా ఊళ్లో బీపీ, షుగరు మాత్రలిచ్చే చోట కూడా ఆ ఊసు రాదు. కానీ ఆ జబ్బులున్నవాళ్లకే ఫ్లూతో ఎక్కువ ప్రమాదం. న్యుమోనియాలోకి దించుతుంది, షుగరు అదుపు తప్పుతుంది, గుండెపోటు ముప్పు పెరుగుతుంది.

జాతీయ టీకాల కార్యక్రమంలో పెద్దలకు ఫ్లూ టీకా లేదు. అయినా రాష్ట్రం తన డబ్బుతో మొదలుపెట్టొచ్చు. అందరికీ ఒకేసారి కుదరకపోతే ముందు అరవై దాటి షుగరు, గుండెజబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకు పల్లె దవాఖానల్లో, బస్తీ దవాఖానల్లో ఉచితంగా వేయించండి. నెలనెలా మాత్రలిచ్చే సిస్టరమ్మే ఆ మాట చెప్పాలి, వాళ్లు నమ్మేది ఆమెనే. వైరస్ మారుతుంటుంది కాబట్టి ఏటా వేయాల్సిన టీకా ఇది, బడ్జెట్లో ఏటా పద్దు ఉండాలి. వేశాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, మన దగ్గర వానలతో పాటే ఫ్లూ పెరుగుతుంది. మే నెలాఖరుకల్లా టీకాలు దవాఖానలకు చేరేలా ఇప్పుడే ఆదేశాలివ్వండి.

ఇట్లు,
కరీంనగర్ జిల్లా నుంచి ఒక పౌరురాలు